పదింటికి టికెట్లు, కంప్యూటర్లో మాత్రం 2014

పోయిన మే నెలలో ఒకరోజు పొద్దున పదింటికి 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదులుతున్నారని నెల్లూరు నుంచి మా చిన్నమ్మ ముందురోజు రాత్రే ఫోన్ చేసింది. "తిరపతిలో ఉండావు, నువ్వు తీస్తే రాకుండా పోతాయా అబ్బయ్యా" అని ఆమె ధీమా. తిరుపతిలో ఉండేవాడి కంప్యూటర్‌కి టికెట్లు కాస్త ముందు కనబడతాయని మా చుట్టాలందరికీ ఒక గట్టి నమ్మకం, ఎన్నిసార్లు చెప్పినా పోదు. సరేనని తొమ్మిదిన్నరకే కూర్చున్నాను. స్విచ్ వేసి, కాఫీ తాగి, పేపర్లో సగం పేజీ చదివేసరికి డెస్క్‌టాప్ కనబడింది. కనబడిందంటే బొమ్మ కనబడింది అంతే, మౌస్ నొక్కితే పలకడానికి ఇంకో మూడు నిమిషాలు. బ్రౌజర్ తెరిస్తే మీ కనెక్షన్ సురక్షితం కాదు అని ఎర్ర గుర్తు. ఆ సైటే కాదు, ఏది కొట్టినా అదే మాట. రౌటర్ ఆపి వేశాను, కేబుల్ పీకి పెట్టాను, మా వాణ్ణి తిట్టాను. పదీ ఇరవై అయ్యాక కింద మూలలో తేదీ చూస్తే 2014 జనవరి 1.

విషయం తర్వాత అర్థమైంది. కంప్యూటర్ లోపల అన్నీ తగిలించే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఒక బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. రాత్రి పడుకునే ముందు గోడ మీది స్విచ్ ఆపేయడం మా ఇంట్లో అలవాటు, కాబట్టి పదకొండేళ్ళుగా ప్రతి రాత్రీ ఆ బిళ్ళ బ్యాటరీ మీదే బతికింది మా కంప్యూటర్ గడియారం. బిళ్ళ అయిపోయింది, తేదీ వెనక్కి పోయింది. ప్రతి సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుబాటు. 2014లో కూర్చుని చూస్తే 2025లో ఇచ్చిన సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు కదా, అందుకే బ్రౌజర్ ఏ సైటునూ నమ్మలేదు. 30 రూపాయల బిళ్ళ. చిన్నమ్మకి ఈ సంగతి చెబితే "ఇట్టాంటి సాకులు నేను వినలేదు" అంది.

కానీ స్విచ్ వేశాక కంప్యూటర్ పూర్తిగా లేవడానికి పట్టే ఆరు నిమిషాల సంగతి మిగిలే ఉంది. బిళ్ళ మారిస్తే తేదీ నిలబడుతుంది గానీ స్పీడు రాదు. మా కంప్యూటర్ 2014లో అసెంబుల్ చేయించింది. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, డీడీఆర్3 రకం 4 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్. మానిటర్, కీబోర్డ్ అన్నీ కలిపి ఆ రోజుల్లో అదేం చిన్న ఖర్చు కాదు. టౌన్లో ఒక షాపుకి తీసుకెళ్తే మూత కూడా తీయకుండా "ప్రాసెసర్ పాతబడింది సార్, దీని మీద రూపాయి పెట్టినా దండగ, 45 వేలకు కొత్తది ఇప్పిస్తా" అన్నాడు. ఆయన తప్పని నేను అనను, ఆయన వ్యాపారం అది. కానీ హైస్కూల్లో లెక్కలు చెప్పుకునేవాణ్ణి, స్టెప్పులు రాయకుండా ఆన్సర్ మాత్రం వేస్తే పిల్లలకే మార్కులు ఇవ్వను, ఈయనకెలా ఇస్తాను? సీపీయూ డబ్బాని మళ్ళీ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని బైరాగిపట్టెడలో మా ఇంటికి వచ్చేశాను.

ఇంటికొచ్చి చేసిన మొదటి పని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కడం. టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్ అని ఉంటుంది. అది తెరిచి ఊరికే చూస్తూ కూర్చున్నాను. ప్రాసెసర్ పాతబడిందన్నాడు కదా, ఆ పాతబడిన ప్రాసెసర్ 9 శాతం, 12 శాతం దగ్గర గోళ్ళు గిల్లుకుంటూ ఉంది. డిస్క్ మాత్రం 100 శాతం. పైగా ఆ 100 శాతంలో అది చదువుతున్నది ఎంతయ్యా అంటే సెకనుకు ఒక ఎంబీ, ఒకటిన్నర ఎంబీ. మొదట నాకు ఇదే అర్థం కాలేదు. పెద్ద వీడియో కాపీ చేస్తే సెకనుకు వంద ఎంబీ దాకా లాగే డిస్క్, ఇక్కడ ఒక ఎంబీకే ఒళ్ళు విరుచుకుంటుందేమిటి?

కాగితం తీసుకుని లెక్కేశాను. హార్డ్ డిస్క్ అంటే లోపల పళ్ళెం తిరుగుతుంటుంది, పైన ఒక చెయ్యి లాంటిది అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. నిమిషానికి 7,200 తిరుగుళ్ళు, అంటే సెకనుకు 120, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. మనకు కావాల్సిన ముక్క చెయ్యి కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అది 4 మిల్లీసెకన్ల పైచిలుకు. దానికి ముందు చెయ్యి ఆ వరుస దగ్గరికి జరగడానికి సుమారు 8, 9 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే ఒక్కో ముక్కకు 12, 13 మిల్లీసెకన్లు, సెకనుకు 80 ముక్కలు. ముక్క 4 కేబీ అనుకుంటే 320 కేబీ. అంతే! వీడియో అయితే ముక్కలన్నీ పక్కపక్కనే వరుసగా ఉంటాయి కాబట్టి చెయ్యి కదలక్కర్లేదు, గలగలా వచ్చేస్తుంది. విండోస్ లేచేటప్పుడు అలా కాదు, వేల చిన్న చిన్న ఫైళ్ళు పళ్ళెమంతా చెల్లాచెదురుగా ఉంటాయి, ఒక్కోదానికి చెయ్యి పరిగెత్తాలి. మధ్యలో యాంటీవైరస్ ఒకటి, అప్‌డేట్ ఒకటి, ఎవరికి వాళ్ళు తమ ముక్క ముందు కావాలంటారు. బస్టాండులో ఒకే టీ మాస్టర్, ఒకే స్టవ్వు, చుట్టూ యాభై మంది చేతులు చాపి ఉన్నట్టు. టీ మాస్టర్ నిజంగానే నూటికి నూరు శాతం పనిలో ఉన్నాడు. వచ్చే టీలు మాత్రం అన్నే.

అదే హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏమీ లేదు, అంతా చిప్పులే. పాత డిస్క్ కేబుల్‌కే తగిలే మామూలు సాటా రకం ఎస్‌ఎస్‌డీ కూడా ఒక ముక్కను మిల్లీసెకనులో పదో వంతు పరిధిలో ఇచ్చేస్తుంది. నేను తర్వాత క్రిస్టల్ డిస్క్ మార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలిచి చూశాను, చిన్న ముక్కలు చదివేటప్పుడు పాత డిస్క్‌కి సెకనుకు అర ఎంబీ వస్తే, ఎస్‌ఎస్‌డీకి 28 ఎంబీ వచ్చింది. డబ్బా మీద పెద్దక్షరాల్లో 550 ఎంబీ అని రాస్తారే, ఆ అంకె కన్నా ఈ 28 అనేదే ఇంట్లో మనకు పనికొచ్చే అంకె.

కొనే ముందు ఒక భయం పట్టుకుంది. డిస్క్ ఎంత ఆరోగ్యంగా ఉందో చెప్పే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఇంకొకటి ఉంది, అది వేసి చూస్తే పసుపు రంగులో కాషన్ అని వచ్చింది. కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అనే వరుసలో సున్నా ఉండాల్సిన చోట అంకె ఉంది, అంటే కొన్ని చోట్ల డిస్క్ చదవలేక మూలుగుతోందన్నమాట. అందులో ఉన్నది ఏమిటి? మా వాడి అన్నప్రాశన, కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించిన రోజు ఫోటోలు, మా నాయన చివరి రోజుల్లో తీసిన రెండు వీడియోలు. ఇంకెక్కడా కాపీ లేదు. ఆ రాత్రి పన్నెండున్నర దాకా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేస్తూ కూర్చున్నాను, ఒక ఫోల్డర్ దగ్గర 40 నిమిషాలు ఆగిపోయి, మళ్ళీ కదిలింది, ఆ 40 నిమిషాలు నాకు ఎన్ని దేవుళ్ళు తెలుసో అంతమందినీ తలుచుకున్నాను. నాలుగు ఫోటోలు సగం బూడిద రంగులో వచ్చాయి, మిగతావన్నీ దక్కాయి. స్పీడు సంగతి తర్వాత, మీ ఇంట్లో పాత డిస్క్ ఉంటే ముందు ఇది చూడండి. ఈ రాత్రే.

500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 3,200కు తెచ్చాను. పాత డిస్క్ పరిస్థితి చూశాక దాన్ని యథాతథంగా క్లోన్ చేయబుద్ధి కాలేదు, పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ కొత్తగా వేసుకున్నాను. డబ్బాలో ఎస్‌ఎస్‌డీ బిగించే చోటు లేదు, అది రెండున్నర అంగుళాలది, పాత డబ్బాలో అన్నీ మూడున్నరవే, స్క్రూలు కుదరవు. దీనికోసం బ్రాకెట్లు అమ్ముతారట, నేను రెండు వైపులా అంటుకునే టేపు వేసి డబ్బా లోపలి గోడకి అతికించాను, కదిలే భాగాలు లేవు కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు, ఏడాది కావస్తోంది, అలాగే ఉంది. కానీ ఒక పొరపాటు చేశాను. కేబుల్ ఖాళీగా కనబడ్డ రంధ్రంలో గుచ్చేశాను. కొలిస్తే 270 ఎంబీ దగ్గరే ఆగిపోతోంది. నకిలీది అంటగట్టారేమోనని ఒక పూట టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే హెచ్81 బోర్డుల్లో సాటా రంధ్రాలు నాలుగుంటే అందులో రెండే 6 గిగాబిట్‌వి, మిగతా రెండూ 3 గిగాబిట్‌వి, నేను గుచ్చింది నెమ్మది దాంట్లో. పక్కదానికి మారిస్తే 530. మాన్యువల్లో రాసే ఉంది, పదకొండేళ్ళ కిందటే. నిజం చెప్పాలంటే ఆ మార్పుకి రోజువారీ వాడకంలో నాకు తేడా ఏమీ తెలియలేదు, పైన చెప్పాను కదా, మనల్ని ఆపేది చిన్న ముక్కలే గానీ పెద్ద అంకె కాదు. అయినా 270 చూస్తూ ఊరుకోలేని బుద్ధి ఒకటి ఉంటుంది.

ఆరు నిమిషాలు కాస్తా 24 సెకన్లయింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "కొత్తది కొన్నారా, నాతో చెప్పకుండా?" అంది.

తర్వాత ర్యామ్. 4 జీబీతో బ్రౌజర్లో ఆరేడు ట్యాబులు తెరిస్తేనే నిండిపోతుంది, నిండిపోయాక విండోస్ ఏం చేస్తుందంటే ఆ మిగులుని డిస్క్ మీద పెట్టి తీస్తూ ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ 100 శాతం కొట్టుకోవడంలో సగం పాపం ఇదే అని నా అనుమానం. డీడీఆర్3 ఇప్పుడు కొత్తది అంత సులువుగా దొరకదు, ఒక శనివారం చూసుకుని రైలెక్కి చెన్నై పోయాను. మా ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళకి మౌంట్ రోడ్డు దగ్గరి రిచీ స్ట్రీట్ ఒక క్షేత్రం లాంటిది. చిన్న చిన్న సందులు, బల్లల మీద కుప్పలుగా పాత ర్యాములు, అరవం నాకు వచ్చినంతలో బేరమాడి, అక్కడే వేరే బోర్డులో పెట్టి చూపించమని అడిగి, 8 జీబీవి రెండు, ఒకే కంపెనీ, ఒకే స్పీడు, జత 1,500కు తెచ్చాను. ఒకే స్టిక్‌తో సరిపెట్టకుండా రెండు ఎనిమిదులు ఎందుకంటే, మా బోర్డులో ఉన్న రెండు ర్యామ్ స్లాట్లకీ చెరొకటి చొప్పున ప్రాసెసర్‌కి, ర్యామ్‌కి మధ్య రెండు దారులు ఉన్నాయి. ఒక దారిలో డీడీఆర్3-1600 సెకనుకు 12.8 జీబీ మోస్తుంది, రెండో దారి కూడా తెరిస్తే 25.6. ఒక్క స్టిక్ పెట్టి రెండో స్లాట్ ఖాళీగా వదిలేయడమంటే రెండు గేట్ల టోల్ ప్లాజాలో ఒక గేటు మూసి పెట్టడమే.

మామూలు ఆఫీసు పనుల్లో ఈ తేడా పెద్దగా తెలియదు, అది కూడా చెప్పాలి. తెలిసేది విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో బొమ్మల పని పడ్డప్పుడు, ఎందుకంటే ప్రాసెసర్లోనే ఉన్న గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. మా పక్కింటి పిల్లోడు బీటెక్ చేస్తున్నాడు, వాడి కంప్యూటర్లో ఉన్నది రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ అందులోనే, ఇంకా కొత్తగానే ఉంది, గేమ్ ఆడితే మాత్రం ఆగి ఆగి నడుస్తోందని గ్రాఫిక్స్ కార్డు కోసం వాళ్ళ నాన్న ప్రాణం తీస్తున్నాడు. తెరిచి చూస్తే 8 జీబీ ఒక్కటే స్టిక్. అది కూడా 3200 స్పీడు స్టిక్ కొని, టాస్క్ మేనేజర్లో చూస్తే 2400 దగ్గర నడుస్తోంది. విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్ అనే సెట్టింగుల్లోకి పోయి ఎక్స్‌ఎంపీ అనే ఒక ఆప్షన్ ఆన్ చేయకపోతే చాలా బోర్డుల్లో ఇంతే, ర్యామ్ తన అసలు స్పీడుకి పోదు, జాగ్రత్త కోసమని తక్కువలో నడుస్తుంది. డబ్బులు 3200కు కట్టి 2400 వాడుకుంటూ ఏడాదిన్నర గడిపాడు. అది ఆన్ చేసి, అలాంటిదే రెండో స్టిక్ వేస్తే, వాడు ఆడే గేములో సెకనుకు 35 ఫ్రేములు వచ్చే చోట 55 దాకా పోయింది. వాళ్ళ నాన్న నాకు పనసపండు పంపించారు. ఇప్పుడైతే ఇంత ధైర్యంగా కొనమని చెప్పలేను, 2025 చివర్నుంచి మెమరీ చిప్పుల్లో చాలా భాగం ఏఐ డేటా సెంటర్లకి పోతుండటంతో ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, ఎస్‌ఎస్‌డీలదీ అదే దారి. మేము ఆ మంటకి ముందే కొన్నాం, అది తెలివి కాదు, అదృష్టం.

ఇక మా ఆవిడ ల్యాప్‌టాప్ కథ వేరు. 2018లో కొన్నది, ఐ5-8250యూ, దానికి అంతకు ముందే ఎస్‌ఎస్‌డీ వేయించాం, ర్యామ్ 12 జీబీ. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం రెండు దాటితే వీడియో కాల్‌లో గొంతు తెగిపోతుంది, మౌస్ జిగురులో పడ్డట్టు కదులుతుంది. టాస్క్ మేనేజర్లో డిస్క్ ఖాళీ, ర్యామ్ ఖాళీ. ప్రాసెసర్ 100 శాతం, కానీ దాని పక్కన స్పీడు అని ఉంటుంది చూడండి, అక్కడ 0.9 గిగాహెర్ట్జ్. ఆ ప్రాసెసర్ మామూలు స్పీడే 1.6, ఊపు మీద ఉంటే 3.4 దాకా పోవాలి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వేస్తే 98 డిగ్రీలు. దాని హద్దు 100. ఆ హద్దుకి దగ్గరైతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది, పాడైపోవడం కన్నా నెమ్మదిగా పోవడం మేలు కదా అని.

తిరుపతి మే నెల సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. పగలంతా శేషాచలం బండలు ఎండని తాగి, రాత్రి ఎనిమిదైనా సెగ కక్కుతూనే ఉంటాయి. మా ముందు గదిలో ఫ్యాన్ కింద 37 డిగ్రీలు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ ఎంత తిరిగినా అది విసిరేది ఆ 37 డిగ్రీల గాలినే, చల్లగాలి ఎక్కణ్ణుంచో పుట్టించదు. చలికాలంలో 25 డిగ్రీల గదిలో 85 దగ్గర సుఖంగా ఉన్న ప్రాసెసర్, అదే పనికి అదే దుమ్ముతో మే నెలలో 97కు పోతుంది, లెక్క అంత సూటిగా ఉంటుంది. పైగా మా ఆవిడ దాన్ని మంచం మీద దుప్పటి పైన పెట్టి వాడుతుంది, గాలి లాక్కునే రంధ్రాలేమో అడుగున.

వెనక మూత తీశాను. స్క్రూలు ఎక్కడివి అక్కడ ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి గుచ్చి పెట్టుకున్నాను, ఈ పద్ధతి మా వాడిది, నాది కాదు. బ్యాటరీ తీగ ముందు పీకేయాలి. ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య చూస్తే దుమ్ము కాదు, గొంగళి. వేలితో తీస్తే ఒక పొరగా ఊడి వచ్చింది, కాస్త జిడ్డుగా, సాంబ్రాణి వాసనతో. మా ఇంట్లో ప్రతి శుక్రవారం సాంబ్రాణి వేస్తారు, వంటిల్లు పక్కనే, తాలింపు పొగ ఇటే వస్తుంది, జిడ్డు ముందు అంటుకుని దాని మీద దుమ్ము కూర్చుంటుంది. ఊరికే బ్లోయర్ కొడితే ఈ రకం పోదు, మెత్తటి బ్రష్షుతో గీకాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

ప్రాసెసర్ మీద పూసే పేస్టు ఎండిపోయి విభూతిలా రాలింది. ప్రాసెసర్‌కీ పైన ఉండే రాగి పలకకీ మధ్య కంటికి కనబడని సందుల్లో గాలి ఉండిపోతుంది, గాలి వేడిని సరిగా మోయదు, ఆ సందులు నింపడానికే పేస్టు. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అని మొబైల్ రిపేరు చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది, దాంతో పాతది తుడిచి, కొత్తది పెసరగింజంత పెట్టి, పలక మీద స్క్రూలు మూలమూలకి కొంచెం కొంచెంగా బిగించాను. 350 రూపాయల ట్యూబు, ఇంకా సగం ఉంది. పోయిన వేసవిలోనే, అదే గదిలో, అదే వీడియో కాల్‌కి 81 డిగ్రీలు, స్పీడు 2.6 దగ్గర నిలబడింది. మరీ ఎండ ముదిరిన రోజుల్లో ఇంకో కిటుకు ఉంది, పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమం ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది, దాన్ని 100 నుంచి 99కి మార్చితే ప్రాసెసర్ ఊపు మీదికి పోవడం మానేసి తన మామూలు స్పీడులోనే ఉంటుంది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది గానీ వేడి పది డిగ్రీలకు పైగా పడిపోయింది మా దాంట్లో. ఊపు మీద 3.4కు ఎగిరి, వేడెక్కి 0.9కి పడి, మళ్ళీ ఎగిరి పడేదాని కన్నా, నిలకడగా 1.6లో పోయేదే మధ్యాహ్నం మీటింగుకి నయం.

ఇంటర్నెట్ సంగతి రెండు ముక్కల్లో. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డబ్బులు కడుతుంటే డెస్క్‌టాప్‌లో 94 దాటేది కాదు, ఆ 94 చూడగానే అనుమానం రావాలి. ల్యాన్ కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి, 100కి నాలుగు చాలు, గిగాబిట్‌కి, అంటే 1000కి, ఎనిమిదీ కావాలి, మిగతా నాలుగింట్లో ఒక్కటి తెగినా చాలాసార్లు చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. బీరువా వెనక వినాయకుడి వాహనం ఆ కేబుల్ని రుచి చూసిన గుర్తులు కనిపించాయి. కేబుల్ మార్చాను, వాహనానికి వేరే ఏర్పాటు చేశాను.

ఊళ్ళో అందరూ చేసే వైద్యాల గురించి కూడా చెప్పాలి. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి రిఫ్రెష్, రిఫ్రెష్, రిఫ్రెష్ అని పదిసార్లు నొక్కడం, మా స్కూల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడూ దండం పెట్టుకున్నట్టు చేస్తాడు. అది ఐకాన్లని మళ్ళీ గీస్తుంది, అంతే, ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ ఆ సంగతే తెలియదు. ర్యామ్ బూస్టర్లు, రిజిస్ట్రీ క్లీనర్లు, వాటి జోలికి పోవద్దు, అవే ఇంకో భారం. విండోస్ సెట్టింగుల్లో ఎంఎస్ కాన్ఫిగ్ అనే దాంట్లోకి పోయి ప్రాసెసర్ల సంఖ్య 4 అని టిక్కు పెడితే స్పీడు పెరుగుతుందని వీడియోలు తిరుగుతుంటాయి, ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు, అంటే కోర్లు, ఎన్ని ఉన్నా విండోస్ అన్నింటినీ ఎలాగూ వాడుకుంటూనే ఉంటుంది, ఆ టిక్కు ఇంతకు మించి వాడొద్దని హద్దు పెట్టేది మాత్రమే. పొరపాటున 2 పెట్టారంటే సగం కంప్యూటర్ పోయినట్టే. పనికొచ్చేది ఒకటుంది, అదీ చాలామందికి తెలియదు. టాస్క్ మేనేజర్లో ప్రాసెసర్ పేజీలో అప్ టైమ్ అని ఉంటుంది, రోజూ షట్‌డౌన్ చేసే కంప్యూటర్లోనూ అది 23 రోజులు అని చూపించొచ్చు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల షట్‌డౌన్ కొట్టినా విండోస్ మూలభాగం పూర్తిగా ఆగిపోకుండా డిస్క్‌లో దాక్కుని, పొద్దున మళ్ళీ అదే లేస్తుంది, పాత చెత్తతో సహా. రీస్టార్ట్ కొడితేనే నిజంగా కొత్తగా మొదలవుతుంది. వారానికోసారి షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టండి, ఖర్చు లేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే తీసుకుంటుంది, మా ఆవిడ ల్యాప్‌టాప్ గట్టెక్కింది, నా 4వ తరం డెస్క్‌టాప్ ఎక్కలేదు. దొడ్డిదారిన వేసుకునే మార్గాలు ఉన్నాయి గానీ బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్లో అలాంటి పని చేయబుద్ధి కాలేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. మొదటి వారం ప్రింటర్ దగ్గర కొంచెం సతాయించింది, తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో హాయిగా ఉంది, ఈ పోస్టు అందులోనే కొడుతున్నాను. ప్రశ్నపత్రాలు వర్డ్‌లో ఉన్నవి తెరిస్తే భిన్నాలు అక్కడక్కడా చెదిరిపోతున్నాయి, దానికి ఇంకా దారి దొరకలేదు, అప్పటిదాకా ఆ పని ల్యాప్‌టాప్‌లో.

ఇంతకీ టికెట్లు. జూన్‌లో, జూలైలో మళ్ళీ కూర్చున్నాను, 24 సెకన్ల కంప్యూటరు, కొత్త కేబులు, సరైన తేదీ, అన్నీ ఉన్నాయి. పదయ్యీ కాకముందే నొక్కితే వరుసలో ఉన్నారు, వేచి ఉండండి అని వచ్చింది. అంతమంది ఒకేసారి నొక్కుతున్నప్పుడు ఆ వరుస మన ఇంటి బయట ఉంటుంది, మన ప్రాసెసర్ ఎంత గొప్పదైనా అక్కడ చేయగలిగింది లేదు, 2014 డబ్బా అయినా 45 వేల డబ్బా అయినా పక్కపక్కన నిలబడాల్సిందే. రెండు నెలలూ నా వంతు వచ్చేసరికి చిన్నమ్మ అడిగిన తేదీలు అయిపోయాయి. చివరికి ఆమె మనవరాలు, ఇంటర్ చదివే పిల్ల, కాలేజీ బస్సులో కూర్చుని ఫోన్లో తీసేసింది.

ఈ జనవరిలో వచ్చారు అందరూ, దర్శనం బాగా జరిగింది, మా ఇంట్లోనే దిగారు. నేను కంప్యూటర్ ఆన్ చేసి చూపించాను, ఇంత తొందరగా లేస్తుందా అని చిన్నమ్మ ముక్కు మీద వేలేసుకుంది. కాఫీలయ్యాక బాబాయి చెప్పులు వేసుకుని కిందికి పోయి, కారు డిక్కీలోంచి దుప్పట్లో చుట్టిన ఒక పాత సీపీయూ డబ్బా తెచ్చి హాల్లో పెట్టాడు. "ఎనిమిది నిమిషాలు పడతాండాది సామీ, తీరిగ్గా చూడు, మేము మళ్ళా ఉగాదికి వస్తాం."